నాలుగో దర్వాజ దగ్గర

గవ్వలరాజు కథలో ఏడు దర్వాజలున్నాయి. గవ్వలాటలో రాజ్యం పోగొట్టుకుని, పన్నెండేళ్లు అడవులు పట్టి తిరిగిన రాజు, చినిగిన బట్టలతో తన కోటకే తిరిగొస్తాడు. ఒక్కో దర్వాజ దగ్గర ఒక్కో కావలివాడు ఆపుతాడు. రాజు ఒక్కో జవాబు చెప్పి లోపలికి పోతాడు. బుర్రకథ చెప్పే కనకరాజు మొదటి మూడు దర్వాజలూ ఆడుతూ పాడుతూ దాటేస్తాడు. నాలుగో దర్వాజ దగ్గరికి రాగానే కావలివాడి పేరు మరిచిపోతాడు. పేరుతో పాటు పాట మరిచిపోతాడు, పాటతో పాటు ఆ పైన ఏముందో అదీ మరిచిపోతాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పంతొమ్మిదేళ్లుగా ప్రతిసారీ.

ఇంతటి మతిమరుపు మనిషి పగలు ఏం చేస్తాడనుకున్నారు? నాచారంలో ఒక కంపెనీ గేటు దగ్గర కావలి కాస్తాడు. వచ్చిపోయే లారీల నంబర్లు, డ్రైవర్ల ఇంటిపేర్లు, ఎవడు ఏ రోజు ఆలస్యంగా వచ్చాడన్నదీ అన్నీ ఆయనకు కంఠతా. కథలో కావలివాడొక్కడే ఆయనకు కొరుకుడు పడడు.

ఈ సంగతి జనం కంట పడకుండా కాపాడింది సంతోషి. కనకరాజు తమ్ముడు ఉపేందర్ భార్య. బుర్రకథకు ముగ్గురుండాలి. నడుమ తంబూరతో కనకరాజు, కుడిపక్కన గుమ్మెట వాయిస్తూ ఉపేందర్, ఎడమపక్కన ఇంకో గుమ్మెటతో సంతోషి. కథకుడు చరణం పాడితే పక్కనున్న ఇద్దరూ 'తందాన తాన' అని వంత అందుకుంటారు. ఎడమపక్క మనిషికి అదనంగా ఇంకో పని ఉంది, నవ్వించడం. కథకు అడ్డం పడి, రాజునూ మంత్రినీ వదలకుండా, ఎదుట కూర్చున్నవాళ్ల బతుకుల్లోంచే నాలుగు మాటలు తీసి విసరాలి. ఆ మాటలు ఎవరూ రాసివ్వరు. ఆ జనాన్ని చూసి అప్పటికప్పుడు నోట్లో పుట్టాలి.

కనకరాజు కుడిచేతి వేళ్లకు అందెలుంటాయి, లోపల గుండ్లున్న బోలు ఉంగరాలు. కథ మరిచినప్పుడు వాటిని తాళంతో పని లేకుండా రెండుసార్లు ఘల్లుమనిపిస్తాడు. జనం అదీ తాళమే అనుకుంటారు. సంతోషికి మాత్రం అది పిలుపు. వెంటనే గుమ్మెట మీద ఒక్కటి కొట్టి అడ్డం పడేది. రామంతాపూర్‌లో రాజును ఆపి, లోపలికి పోవాలంటే ఓటీపీ చెప్పమంది. కాప్రాలో నాలుగో దర్వాజ కావలివాడు టిఫిన్ డబ్బా తెరిచాడు, అన్నం తినేదాకా రాజైనా ఆగాల్సిందే అంది. ఉప్పల్‌లో చెప్పినప్పుడు కావలివాడు షేర్ ఆటోలో చౌరస్తా దగ్గర ఇరుక్కుపోయాడని, వాడొచ్చేలోపు రాజు గడ్డం నెరిసిందని చెప్పి ఆడవాళ్లను కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వించింది. ఆ నవ్వుల్లో ఎక్కడో ఒకచోట "ఓ కొమురెల్లీ, తలుపు తియ్యరా" అని కావలివాడి పేరు అందించేది. కనకరాజు ఆ పేరు పట్టుకుని గట్టెక్కేవాడు.

రానురాను నాలుగో దర్వాజ కోసమే జనం వచ్చేవారు. కథ అయ్యాక కనకరాజు భుజం తట్టి ఆ ఘట్టం భలే కట్టావన్న పెద్దమనుషులకు లెక్కలేదు. ఆయన ఆ మెప్పును మీసం మీదికి తీసుకునేవాడు. మరిచిపోయానని ఒక్కనాడూ ఒప్పుకోలేదు సరికదా, దారిలో వదినగారిని సాధించే ఆడబిడ్డలా మధ్యలో మస్తు గుంజుతున్నావని సంతోషినే సాధించేవాడు. ఆమె పళ్లు కొరుక్కుని ఊరుకునేది. మసాలా ప్యాకెట్లు సీల్ వేసే కంపెనీలో రోజంతా నోరు మూసుకుని నిలబడే మనిషికి, ఆ నోరు తెరిచే చోటు అదొక్కటే. అది పోతుందన్న భయం పంతొమ్మిదేళ్లు ఆమెను మంచిదాన్ని చేసి ఉంచింది.

ఇట్లా నడుస్తుండగా ప్రశాంత్ అనే అబ్బాయి వచ్చాడు. జానపద కళలను వీడియో తీసి భద్రపరిచే ఒక సంస్థలో పని చేస్తాడట. గవ్వలరాజు కథ మొత్తం గంటలో రావాలన్నాడు. అడుగున ఇంగ్లీషులో మాటలు వేయాలి కాబట్టి ముందుగానే రాతప్రతి ఇవ్వమన్నాడు. కనకరాజు అదివరకటి ప్రోగ్రాములన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుని ఉన్నాడు. మూడు నెలలు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, చెవిలో వైరు పెట్టుకుని, విన్నది విన్నట్టు రాశాడు. ఉప్పల్‌లో టైపు కొట్టించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఒక ఆదివారం తమ్ముడినీ మరదలినీ తన డాబా మీదికి పిలిచి చెరో పుస్తకం చేతిలో పెట్టాడు.

మొదటి పేజీలో 'కథ, మాటలు, పాట: కనకరాజు' అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'వంత: ఇద్దరు' అని ఉంది. సంతోషి ఆ 'ఇద్దరు' అన్న మాటను రెండుసార్లు చదివింది. ఇంటి మనుషులకు పేర్లు కూడా లేకుండా పోయాయి.

పేజీలు తిప్పింది. టిఫిన్ డబ్బా ఉంది. షేర్ ఆటో ఉంది, రాణిగారి వంటింట్లోకి మార్చాడు. ఓటీపీని మంత్రి నోట్లో పెట్టాడు. ఆమె నోటి తడబాటు కూడా పొల్లుపోకుండా ఉంది. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

అది మేడిపల్లిలో అన్న మాట. ఆమె తల్లి వెంకటనర్సమ్మ దవాఖానాలో పోయి పద్నాలుగు రోజులు. ఒప్పుకున్న ప్రోగ్రాం కదా అని కనకరాజు తీసుకుపోయాడు. రాజు అడవికి పోయాక రాణి ఖాళీ గది చూసే చోట సంతోషికి నవ్వించే మాట ఒక్కటీ రాలేదు. గుమ్మెట ఆపేసి, "మా అమ్మ పండిన మంచంల ఇప్పుడు దుప్పటొక్కతే పండుకుంటున్నది" అంది. ఎందుకు అందో ఆమెకే తెలియదు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. అది కూడా ఇప్పుడు టైపు అక్షరాల్లో ఉంది, ముందు 'వంత' అని రాసి, పక్కన 'ఏడుపు గొంతుతో' అని సూచన ఇచ్చి. సంతోషికి ఒళ్లు మండిపోయింది.

"బావా, గీ మాటలు నాయి గద," అంది.

కనకరాజు చాయ్ ఊదుకుంటున్నాడు. "నీయెట్లయితయ్? నువ్వు రాసినవా?"

"రాయలే. నేనే అన్న."

"నోటికొచ్చింది అన్నవ్. నోటికొచ్చినదానికి గూడ పేరుంటదా? గాలికి వోయేదాన్ని నేను మూన్నెల్లు కూసోని పట్టిన. పట్టినోనిదే అది."

హాస్యం మాటలు సంతోషివి అని ఒక్క వరస వేయమని అడిగింది. ఎక్కువేం అడగలేదు. కనకరాజు నవ్వి, నీకు వేస్తే రేపు తందాన అన్నందుకు వీడు కూడా పేరు వేయమంటాడని తమ్ముడి వైపు గడ్డం ఎగరేశాడు. ఆ తర్వాత గొంతు మార్చాడు. ఇంగ్లీషు మాటలు ఈ పుస్తకం చూసే వేస్తారట. కాబట్టి ఇందులో ఉన్నది తప్ప ఒక్క అక్షరం ఎక్కువ అనడానికి వీల్లేదు. పాత అలవాటులో నోరు జారిందంటే వేరే మనిషిని చూసుకుంటాడట. మేడిపల్లిలో అమృత అనే అమ్మాయి ఎప్పటినుంచో అడుగుతోందట.

ఉపేందర్ పిట్టగోడ మీద గోటితో గీతలు గీస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో ఆ నిమ్మళం చూసి సంతోషి మురిసింది. నిమ్మళం కాదు, పిరికితనమని తెలిసేసరికి పిల్లలు పుట్టారు. ఆటోలో ఇంటికి పోతుంటే, అన్నతో లొల్లి ఎందుకు, మాటలేమన్నా అరిగిపోతాయా అన్నాడు. ఆమె నాచారం వచ్చేదాకా ఆయన వైపు చూడలేదు.

వీడియో తీసే రోజు ఇంకా పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ సంతోషి తన మాటలను తనే బట్టీ పట్టింది. అంతకన్నా దిక్కుమాలిన పని ఇంకొకటి ఉండదు. ఎదుట మనిషి మొహం చూసి పుట్టిన మాటను కాగితం మొహం చూసి అనాలి. సీలింగ్ మిషన్ దగ్గర పెదాలు కదిలిస్తుంటే పక్కనున్న సక్కుబాయి ఏం మంత్రం చదువుతున్నావే అని అడిగింది. నన్ను నేనే ఒప్పజెప్పుకుంటున్నానని చెప్పింది సంతోషి.

ఒకనాడు నాలుగో దర్వాజ పేజీ తీసింది. అప్పటిదాకా కోపంలో దాన్ని సరిగ్గా చూడనే లేదు. ఏడు దర్వాజలు, ఏడుగురు కావలివాళ్లు, ఏడు జవాబులు శుభ్రంగా ఉన్నాయి. నాలుగో దర్వాజ దగ్గర కొమురెల్లి పేరు కథకుడి నోట్లోనే ఉంది. దాని కింద 'వంత: తందాన తాన'. అంతే. కనకరాజు అందరి మాటలూ రాసుకున్నాడు, తన మరుపును మాత్రం రాసుకోలేదు. రాస్తే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ చోట ఆమె ఒక్కోసారి ఒక్కో మాట అనేది కాబట్టి వాటిని వేరే చోట్లకు సర్దేసి, అక్కడ తనను తాను మరుపు లేని మనిషిగా దిద్దుకున్నాడు. సంతోషి ఆ పేజీని మూడుసార్లు చదివింది. చాలా రోజుల తర్వాత ఆమెకు కడుపునిండా అన్నం సయించింది.

అయినా దొంగదెబ్బ తీయలేదు. ఆఖరి రిహార్సల్‌లో ఉపేందర్ ముందరే అడిగింది.

"బావా, నాలుగో దర్వాజ కాడ నేనేమనాలె?"

ఆయన తలెత్తలేదు. "కాగితంల ఏమున్నది?"

"తందాన తాన."

"గదే అను."

ఉపేందర్ ఒక్క క్షణం తలెత్తి, అన్నను చూసి, భార్యను చూసి, మళ్లీ గుమ్మెట తాళ్లు బిగించుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం నాచారంలో ఒక ఫంక్షన్ హాల్. రెండు వందల మంది దాకా జనం. బస్తీల నుంచి మహిళా సంఘాలను పిలిచారు, కాలేజీ పిల్లలను కూర్చోబెట్టారు. మూడు కెమెరాలు పెట్టారు. ముగ్గురి మెడల దగ్గరా చిన్న మైకులు గుచ్చారు. ప్రశాంత్ తల మీద హెడ్‌ఫోన్ పెట్టుకుని, మధ్యలో ఏం జరిగినా ఆపొద్దని, తర్వాత కత్తిరించుకుంటానని చెప్పాడు.

కథ కాగితం మీద ఉన్నట్టే నడిచింది. సంతోషి టిఫిన్ డబ్బా మాట అంది, నలుగురు నవ్వారు. షేర్ ఆటో మాట అంది, కాలేజీ పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. ముప్పై ఒకటో పేజీ వచ్చినప్పుడు 'ఏడుపు గొంతుతో' తల్లి మంచం మాట కూడా అనేసింది. ఎవరూ కొంగు నోటికి పెట్టుకోలేదు. తల్లిని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది ఆమెకు. అప్పటిదాకా మనసులో ఏ మూలనో ఉన్న కాస్త జాలి కూడా ఆ మాటతోనే పోయింది.

దర్వాజలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. కనకరాజు గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ ముందుకొచ్చి "నాలుగో దర్వాజ కాడ" అని ఎత్తుకుని, ఆగాడు.

అందెలు రెండుసార్లు మోగాయి.

"తందాన తాన," అంది సంతోషి.

కనకరాజు చిరునవ్వు చెదరకుండా ఇంకో చుట్టు తిరిగి మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు. అందెలు ఈసారి గట్టిగా మోగాయి.

"తందాన తాన."

మూడోసారి కూడా అంతే. ఉపేందర్ గుమ్మెట దెబ్బ పలచబడింది. కనకరాజు తలపాగా కింద నుంచి చెమట చెంపల మీదికి కారింది. పెదాలు కదలకుండా, "ఏదన్న అను," అన్నాడు. మెడ దగ్గరి మైకు ఆ మాటను హాల్లో చివరి కుర్చీ దాకా వినిపించింది.

"కాగితంల ఏం లేదు బావా."

హాలు ఒక్కసారిగా నవ్వింది. ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు తలలెత్తారు. కథలో భాగమే అనుకున్నారు అందరూ. కనకరాజు కూడా నవ్వబోయాడు.

"కాగితం పక్కకు వెట్టు. నీ నోటికొచ్చింది అను."

"నా నోటికొచ్చింది ఎవరిది బావా?"

ఆయనకు తప్పించుకునే దారి లేదు. ఎదురుగా కెమెరా, వెనక గోడ. "నీదే," అన్నాడు. ఒప్పుకుని అన్న మాట కాదది, ఆ క్షణం గడిస్తే చాలని అన్నది. సంతోషికి ఆ తేడా బాగా తెలుసు. అక్కడితో వదిలేయొచ్చు. కొమురెల్లి పేరు అందిస్తే కథ ముందుకు పోతుంది, సాయంత్రానికి ఆయన అంతా మరిచిపోయి మళ్లీ సాధిస్తాడు. వదలబుద్ధి కాలేదు.

గుమ్మెటను అడ్డంగా పట్టుకుని ఆయన ఎదుట నిలబడింది.

"నాలుగో దర్వాజ కావలి కొమురెల్లిని నేను. మొదటోడు పేరడిగిండు, రెండోడు ఊరడిగిండు, మూడోడు వచ్చిన పనడిగిండు. నేను గవేం అడుగ. నువ్వు మస్తు మాటకారివని లోకమంత చెప్పుకుంటది రాజా. రాసుకొచ్చింది వద్దు. ఒకల నోట్లెకెళ్లి గుంజుకొచ్చింది వద్దు. నీ సొంత మాట ఒక్కటి చెప్పు, తలుపు తీస్త."

కనకరాజు కళ్లు పెద్దవయ్యాయి. పేరు అందింది కాబట్టి పాట గుర్తొచ్చింది. గబగబా ఐదో దర్వాజ చరణం అందుకున్నాడు. ఆమె గుమ్మెట మీద ఒక్క దెబ్బ కొట్టి ఆపింది. ముందు ఈ దర్వాజ దాటాలని, ఐదోది ఎక్కడికీ పోదని చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తంబూర సవరించుకున్నాడు. తొందరేం లేదు, ఉప్పల్ చౌరస్తాలో ఇంతకన్నా ఎక్కువ సేపు నిలబడే జనమే వీళ్లంతా అని ఆమె హాలు వైపు చెయ్యి చూపింది. నవ్వులు గోడలకు తగిలాయి. నిలబడలేకపోతే కంపెనీ గేటు నుంచి కుర్చీ తెప్పించనా అని అడిగింది. నవ్వు ఇంకా పెరిగింది. ఒక్కో నవ్వుకూ కనకరాజు మొహం నల్లబడుతోంది. సంతోషికి అది చూస్తే హాయిగా ఉంది. పంతొమ్మిదేళ్లలో ఆ వేదిక మీద అంత హాయిగా ఎన్నడూ లేదు. ఎదుటి మనిషి మొహం చూసి మాట పుడుతోంది మరి.

ఉపేందర్ గుమ్మెట పూర్తిగా ఆగిపోయింది.

"నాకు రాదు," అన్నాడు కనకరాజు.

"ఇనవడ్తలేదు రాజా."

"నాకు మాట రాదు సంతోషీ. పంతొమ్మిదేండ్ల సంది ఈడ నువ్వే చెప్తున్నవ్."

ఆ గొంతు నటన కాదని కొందరికి అనిపించి ఉంటుంది. అది ఆయన జీవితంలో ఎవరూ రాయని, ఎక్కడా వినని మొదటి మాట. ఎంత బాగుందో ఆమెకు తెలుసు, తెలిసి ఇంకా మంట పుట్టింది. ఇదే మాట డాబా మీద చాయ్ తాగుతూ అని ఉంటే సరిపోయేది. సంతోషి పక్కకు జరిగి, దర్వాజ తెరిచాను పొమ్మంది. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, ఆ తర్వాత అందరూ కొట్టారు. మిగిలిన మూడు దర్వాజలూ కనకరాజు తల వంచుకునే పాడాడు.

కథ ముగిసి జనం లేచిపోతుంటే ప్రశాంత్ పరుగున వచ్చాడు. నాలుగో దర్వాజ ఘట్టం ఒక్క ముక్క కూడా కత్తిరించనని, ఇంగ్లీషు మాటలు మళ్లీ రాయించుకుంటానని చెప్పి, మాటలు ఎవరి పేరు మీద వేయాలని అడిగాడు.

కనకరాజు తలపాగా విప్పుతున్నాడు. "నాది తీసెయ్. అంత ఆమెదే అని ఎయ్."

అది ఇవ్వడం కాదు, మొహాన విసిరికొట్టడం. సంతోషి తీసుకోలేదు. "కథ ఆయనది, పాట ఆయనది. ఆయన పేరు ఉండాలె. హాస్యం మాటలు నాయి. గంతే రాయండ్రి," అంది. ప్రశాంత్ ఇంటిపేరు అడిగితే బొల్లెపల్లి అని చెప్పింది. అత్తింటివాళ్ల ఇంటిపేరుతో పాటు తన పేరు ఫోన్‌లో పూర్తిగా పడేదాకా ఆ అబ్బాయి భుజం పక్క నుంచి చూస్తూనే ఉంది.

ప్రశాంత్ అటు పోగానే కనకరాజు దగ్గరికొచ్చాడు. "జనం ముంగట నా పరువు తీసినవ్. ఇగ నా పక్కన నిలబడకు."

"నిలబడ బావా. ఇగ నడుమ నిలబడ్త."

కథకుడి చోటది. కనకరాజు ఆమెను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. "నీ పక్కన ఎవలు నిలబడ్తరు?" అని అడిగి, సమాధానం కోసం ఆమెను వదిలి తమ్ముడి వైపు తిరిగాడు. సంతోషి కూడా అటే చూసింది. చూడకూడదనుకుంది గానీ చూసింది.

ఉపేందర్ అన్న మొహమూ భార్య మొహమూ కాక, చేతిలో గుమ్మెటను చూసుకున్నాడు. "నాకు పొద్దుగాల డ్యూటీ ఉన్నది," అన్నాడు. రేపటి సంగతి ఎవరూ అడగలేదు. పంతొమ్మిదేళ్లలో ఆయన సొంతంగా అన్న మాట అది. అని, అన్న తంబూర సంచీ భుజానికెత్తుకుని ఆయన వెనకే మెట్లు దిగాడు.

హాలువాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. సంతోషి తన గుమ్మెట తగిలించుకుని వేదిక మధ్యకు వెళ్లి, అప్పటిదాకా కనకరాజు నిలబడిన చోట నిలబడింది. కుడిపక్కన ఎవరూ లేరు, ఎడమపక్కన ఎవరూ లేరు. భయమేసింది. దిగలేదు.